నూకరత్నం తాత్సారపు యుద్ధం

ఆ మంగళవారం పొద్దున్న నూకరత్నం వేసుకున్న పథకం చిన్నదే. మంచు విడిస్తే మిరియాలు అరుగు మీద ఆరబోయాలి. విడవకపోతే కొట్టు వెనక గదిలో కూర్చుని రోమ్ సైన్యాన్ని ఒక కొండ మీంచి ఇంకో కొండ మీదికి జరపాలి. మంచు విడవలేదు. అరకు సంత వీధిలో ఎదురుగా ఉన్న వరహాలరావు కొట్టు కూడా కనపడలేదు. షట్టరు ఎత్తిన చప్పుడు మాత్రం వినపడింది. ఇలాంటి మంచులోనే మనుషులు వీధి చివరిదాకా నడిచి మాయమైపోతారని నూకరత్నానికి ఏళ్ళ తరబడి ఒక దిగులు.

ఆమె దిగులుకు కారణం లేకపోలేదు. చోడవరం నుంచి కొత్తకోడలిగా ఈ కొండల మీదికి వచ్చినప్పుడు, దిగబెట్టి వెళ్తూ అన్నగారు బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపాడు. మళ్ళీ ఆ చెయ్యి చూడలేదు. మొగుడు విశాఖ ఆసుపత్రికని ఇదే వీధిలో బస్సెక్కాడు, అంతే. ఆ తర్వాత మేడ మీద గది అద్దెకిచ్చింది. పంతులమ్మ వచ్చింది, పశువుల డాక్టరు వచ్చాడు, వ్యవసాయం ఆఫీసరు వచ్చాడు. పై ఊళ్ళ నుంచి వచ్చిన ఉద్యోగస్తులకు ఏజెన్సీ జ్వరం లాంటిది. ఎప్పుడు వదులుతుందా అని రోజూ చెయ్యి పట్టి చూసుకుంటారు. చేతిలో సంచితో విశాఖ బస్సెక్కారంటే బదిలీ కోసమే. ఒక్కొక్కరినీ బస్సు దాకా దిగబెట్టి వచ్చి, నూకరత్నం ఖాళీ గది ఊడ్చేది. ఊడ్చిన చీపురు మాత్రం కొన్నాళ్ళు ముట్టుకునేది కాదు.

ఆమె బడికి వెళ్ళలేదు. కొట్లో పొట్లాలు కట్టే కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకుంది. చేతికొచ్చిన కాగితం చదవకుండా జీలకర్ర పొయ్యడం ఆమె వల్ల అయ్యేది కాదు. అందువల్ల ఆమెకు తెలిసిన కథలన్నీ సగంలో ఆగిపోయినవే. రాజు అడవికి బయల్దేరతాడు, మిగతా కాగితంలో అర్ధపావు ధనియాలు ఎవరింటికో వెళ్ళిపోతాయి.

కిందటి వానాకాలంలో జయశ్రీ వచ్చింది. రాజమండ్రి దగ్గరి పిల్ల, బ్యాంకులో ఉద్యోగం. సాయంత్రం వస్తూనే కంప్యూటరు తెరిచి పాతకాలపు యుద్ధాలు ఆడేది. ఈటెలు, ఏనుగులు, కోటలు. అరకు వానకు కరెంటు నిలవదు గనక ఒకరోజు విసుగెత్తి, బియ్యం బస్తాకి గుర్తులు వేసే రంగుతో గోనె పట్టా మీద ఇటలీ దేశం గీసింది. ఎర్ర రాజ్మా పిక్కలు రోమ్ సైన్యం. చింతపిక్కలు రోమ్ మీదికి దండెత్తి వచ్చిన హానిబాల్ సైన్యం. గుల్ల తియ్యని జీడిపిక్కలు ఏనుగులు.

"మామ్మగారూ, మీరు ఏ సేనాపతిగా ఆడతారు?" అని అడిగింది.

"ఎవులెవులున్నారేటి?"

జయశ్రీ అలెగ్జాండరు సంగతి చెప్పింది. ఎన్ని దేశాలు గెలిచాడో, ఎన్ని నదులు దాటాడో చెప్పింది. నూకరత్నం అంతా విని ఒక్కటే అడిగింది.

"మరి ఇంటికొచ్చీసేడా?"

"లేదండీ. దారిలో జ్వరమొచ్చి పోయాడు."

"తల్లుందా?"

"ఉంది."

"అయ్యో, ఒద్దే. ఆయన్నొద్దు."

పోనీ ఖారవేలుడు, మన కళింగం వాడే అంది జయశ్రీ. ఆఖరికి ఏమయ్యాడో ఎవరికీ తెలియదంటే, తెలియకపోవడం మరీ బెంగ అని నూకరత్నం అతణ్ణీ పక్కన పెట్టింది. హానిబాల్ తొమ్మిదో ఏట తండ్రి వెంట ఇల్లు విడిచాడంటే కళ్ళు తుడుచుకుంది. "ఆయన నా సేనాపతి లెండి, ఏనుగులతో మంచుకొండలు దాటాడు. ఘాట్‌రోడ్డు మీద మొదటిసారి వస్తుంటే నాకు ఆయనే గుర్తొచ్చాడు" అని చెప్పి, జయశ్రీ చివరికి రోమ్ సేనాపతి ఫేబియస్‌ని బయటికి తీసింది. "ఈయన యుద్ధమే చెయ్యడు మామ్మగారూ. హానిబాల్ వెనకే కొండల మీద తిరుగుతూ, ఇవాళ కాదు రేపు అని తాత్సారం చేస్తాడు. ఊరంతా నవ్వింది. ఆఖరికి ఆ తాత్సారమే రోమ్‌ని నిలబెట్టింది."

"ఎలా పోయాడు?"

"ముసలివాడై, సొంత ఊళ్ళోనే."

"అయితే ఆయన్ని నాకిచ్చీ."

అప్పటినుంచి నూకరత్నం రోజూ ఓడిపోతూ, కానీ ఎప్పుడూ పూర్తిగా ఓడిపోకుండా, వానాకాలమంతా గడిపేసింది. రాత్రి పూట ఎలకలు రాకుండా ఇటలీ మీద ఇనప బుట్ట బోర్లించేది.

ఆ మంగళవారం మంచులో ఆమె ఆ బుట్ట ఎత్తబోతుండగా మేడమెట్ల మలుపులోంచి జయశ్రీ గొంతు వినపడింది. ఆ ఇంట్లో ఫోనుకు సిగ్నలు దొరికేది ఆ మలుపులోనే.

"ట్రాన్స్‌ఫర్ అయిందిట. ఇవాళే వెళ్ళి సార్‌ని కలుస్తాను. మధ్యాహ్నం దాటితే ఆయన హైదరాబాద్ వెళ్ళిపోతారు... లేదు, మామ్మగారికి చెప్పలేదు. చెబితే కంగారు పడతారు."

నూకరత్నం చేతిలో బుట్ట అలాగే ఉండిపోయింది. అంతలో వరహాలరావు మంచులోంచి తల బయటపెట్టాడు. టూరిస్టులకు కాఫీపొడీ తేనే అమ్మే మనిషి. "పిన్నీ, మీ జయశ్రీ నిన్న కాఫీపొడి, తేనె, మిరియాలు అన్నీ నాకాడ కట్టించుకెళ్ళింది. నీ కొట్టుండగా నాకాడికెందుకొచ్చినట్టు?" అన్నాడు. అరకులో ఆ మూడూ ఒకేసారి కొనేవాళ్ళు ఇద్దరే. టూరిస్టులు, ఊరొదిలేవాళ్ళు. జయశ్రీ టూరిస్టు కాదు.

జయశ్రీ మెట్లు దిగింది. చేతిలో పెద్ద సంచి. "మామ్మగారూ, వెళ్ళొస్తాను. మా ఏనుగుల్ని ఎలకలు తినకుండా చూడండి."

ఎక్కడికి అన్న మాట నూకరత్నం నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. బయల్దేరే మనిషిని ఎక్కడికని అడగకూడదు. అడిగితే వెళ్ళిన పని కాదు. చిన్నప్పటినుంచీ ఆమె ఆ మాట ఎవరినీ అడిగి ఎరుగదు. కోడిని కూడా అడగలేదు. ఇక వెళ్ళొస్తాననడం అంటారా, ఆమె జీవితంలో తిరిగి రానివాళ్ళందరూ అదే మాట అని వెళ్ళారు.

అడగడానికి లేదు, ఆపడానికి హక్కు లేదు. ఇలాంటప్పుడు ఫేబియస్ ఏం చేస్తాడు? నూకరత్నం పక్కనున్న మిరియాల పొడి డబ్బాలో వేలు ముంచి ముక్కుకు రాసుకుంది.

"హాచ్చి!"

గుమ్మం దాటబోతున్న జయశ్రీ కాలు వెనక్కి తీసుకుంది. మంచి పిల్ల. "కూర్చుంటానండీ" అని నీళ్ళు తాగింది. అక్కడికి ఆగి ఉంటే బాగుండేది. కానీ మిరియాలు అరకువి, ఘాటు ఎక్కువ. నూకరత్నం మళ్ళీ తుమ్మింది.

"రెండు తుమ్ములైతే మంచిదేగా మామ్మగారూ!" అని జయశ్రీ సంచి ఎత్తింది.

నూకరత్నం గాభరాగా ఇంకోసారి వేలు ముంచి మూడోది తుమ్మింది. జయశ్రీ కూర్చుంది. అదే సమయానికి కొట్లో బస్తాలు మోసే సోంబరు ఉప్పుబస్తాతో లోపలికొచ్చి, గదంతా తేలుతున్న పొడికి పెద్దగా తుమ్మాడు. జయశ్రీ లేచింది.

"కూకోవే, ఆడి తుమ్ము లెక్కలోకి రాదు!"

సోంబరు నొచ్చుకున్నాడు. "ఏటమ్మా, నాను మనిసిని కాదా?"

"నువ్వు గుమ్మానికవతల తుమ్మినావురా."

"అయితే లోపలికొచ్చి తుమ్మమంతావా?" అని, అడగకుండానే తుమ్మాడు. ఆ తర్వాత సరో బేసో తేల్చడం ఎవరి తరమూ కాలేదు. ముగ్గురూ కళ్ళు తుడుచుకుంటుండగా మంచులో దూరంగా తొలి బస్సు హారను వినపడి, ఘాట్‌రోడ్డు వైపు సన్నబడిపోయింది.

"పోన్లెండి. రెండో బస్సు పట్టుకున్నా అందుకుంటాను" అని జయశ్రీ ఆటో కామేష్‌కి ఫోను చేసింది.

కామేష్ వచ్చాక నూకరత్నం అతని చెవి దగ్గరికి వంగింది. "ఒరే, బస్సు ఎల్లిపోయేదాకా ఎటో ఒక పక్క తిప్పు."

"ఎటు తిప్పమంటావు మామ్మా? ముందు చక్రమే అవపడ్డం లేదు."

"నాకు తెల్దు. బస్టాండుకి మాత్తరం బేగి ఎల్లకు."

ఆటో వెళ్ళింది. ఫేబియస్‌కు వేగులవాళ్ళు ఉండేవారని విన్న గుర్తుతో నూకరత్నం సోంబరుని వెనకాలే పంపింది. తను గోనె పట్టా ముందు కూర్చుంది కానీ ఒక్క పిక్కా జరపలేదు. జరిపితే ఎదురుగా జరిపేవాళ్ళు ఉండాలి కదా. రేపటినుంచి ఈ ఇటలీని ఏం చెయ్యాలో ఆమెకు తోచలేదు. మడిచి అటక మీద పెడితే అటక వైపు చూడాల్సి వస్తుంది.

సోంబరు తిరిగొచ్చాడు. ముఖంలో కంగారూ సంబరమూ కలిసి ఉన్నాయి.

"అమ్మా, ఆటో పూల్లోకెల్లిపోనాది."

"ఏ పూల్లోకిరా?"

"రోడ్డు పక్క రైతు బుధు వలిసె సేనుంది కదా, ఆ పూల్లోకి. మడిలో దిగబడిపోనాది. పసుపుపచ్చ పూల నడుమ ఆటో బాగుందని టూరిస్టులు పొటోలు తీసుకుంతన్నారు. బుధు పొటోకింతని ఒసూలు సేత్తన్నాడు. ఆటో తియ్యనివ్వడు. సాయంత్రం దాకా ఉంచీండి, బేరం ఎప్పుడూ ఇలాగ లేదు అంతన్నాడు."

"మరి జయశ్రీ?"

"ఎనకనుంచి తోత్తంది. 'అలాగే ఉండండి మేడం' అని ఎవులో పొటో తీసినారు."

నూకరత్నం పొయ్యి వైపు లేచింది. ఫేబియస్ ఎవరినీ బురదలోకి తొయ్యలేదు. అయినా బస్సు వెళ్ళిపోయి ఉంటుంది. ఇవాళ్టికి పిల్ల ఇంటికి వస్తుంది. వేణ్ణీళ్ళు కాచి పెట్టాలి అనుకుంది.

"బస్సు ఎల్లనేదమ్మా" అన్నాడు సోంబరు. "వరహాలరావు బాబు దాని ముందర కుర్సీ ఏసుకు కూకున్నాడు."

నూకరత్నం చెప్పుల కోసం చూడకుండా పరిగెత్తింది.

బస్టాండులో వరహాలరావు నిజంగానే బస్సు ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, శాలువా కప్పుకుని కూర్చున్నాడు. ఆటో లాగడానికి తాడు కావాలని కామేష్ అతనికే ఫోను చేశాడట. జయశ్రీ బస్సు తప్పిపోతుందని తెలిసి ఆ మహానుభావుడు తాడు సంగతి మరిచి ఇక్కడికి వచ్చాడు. కండక్టరు బతిమాలుతున్నాడు, ప్రయాణికులు కిటికీల్లోంచి తిడుతున్నారు.

"భయపడకు పిన్నీ! పిల్ల వచ్చేదాకా దీన్ని కదలనివ్వను. ముప్పై ఏళ్ళుగా నేను ఎలాగూ బయటపడలేకపోయాను. ఏజెన్సీ నుంచి బయటపడే మనిషికి సాయం చేస్తే పుణ్యం!"

"నెగురా! ముందు కుర్సీ తియ్యి!"

"అదేటి పిన్నీ?"

"ఆ గుంట రాదు. నాను సెప్తన్నాను. మీరు పొండి బాబూ, పొండి, బేగి పొండి!"

వరహాలరావు నోరు తెరిచి లేచాడు. నూకరత్నం కుర్చీ తనే పక్కకు లాగి, రెండు చేతులతో బస్సుని తోలింది, ధాన్యం మీద వాలిన పిట్టల్ని తోలినట్టు. బస్సు కదిలింది. దాని వెనక ఎర్ర దీపాలు మంచులో కరిగిపోయేదాకా ఆమె చెయ్యి ఊపుతూనే ఉంది. జీవితంలో మొదటిసారి, వెళ్ళిపోతున్న బస్సుని చూసి ఆమెకు ఏడుపు రాలేదు.

వెనక్కి తిరిగేసరికి జయశ్రీ నిలబడి ఉంది. మోకాళ్ళ దాకా బురద, జుట్టులో పసుపుపచ్చ వలిసె రేకులు. సంచి పట్టీ తెగిపోయింది. కాఫీపొడి మీద తేనె కారిపోయిన ఆ సంచిని గుండెకు హత్తుకుని మోస్తోంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. అంతా విన్నట్టే ఉంది.

"ఎందుకు పంపించేశారు మామ్మగారూ?"

నూకరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మరేటి సెయ్యను? నువ్వెల్లిపోతన్నావు కదా."

"ఎక్కడికి?"

"విశాపట్నం. బదిలీ అయిందన్నావు. మెట్లకాడ ఇన్నాను."

జయశ్రీ అక్కడి బెంచీ మీద మెల్లగా కూర్చుంది. "బదిలీ అయింది. సీలేరు అవతల, ఇంకా లోపలికి, డొంకరాయి వేశారు. ఒద్దు, నన్ను అరకులోనే ఉంచండని అడగడానికి వెళ్తున్నాను. ఫోన్లో చెబితే సార్ నమ్మలేదు. కింది ఊరికి వెయ్యమనకుండా ఏజెన్సీలో ఉన్నచోటే ఉండిపోతానని అడిగే మనిషి ఉంటుందా, ఎదురుగా వచ్చి చెప్పమన్నారు. అందుకే ఈ కాఫీపొడీ అదీ. మీ కొట్లో కొంటే మీకు తెలిసిపోతుందని ఆయన దగ్గర కొన్నాను."

వరహాలరావు మళ్ళీ కుర్చీలో కూలబడ్డాడు. "ఉండిపోవడానికా?" అన్నాడు. ఆ మాట ఆయన అంతకుముందు ఎప్పుడూ విననట్టు.

"సాయంత్రం వచ్చి చెబుదామనుకున్నాను. మీరు ఎక్కడికని అడగలేదు. నేనూ చెప్పలేదు."

ఆ తర్వాత ఫేబియస్ ఎన్నడూ ఎరగనంత వేగంగా పనులు జరిగాయి. వరహాలరావు కారు కోసం పరిగెత్తాడు. కామేష్ ఆటో లేకుండానే ఆటో తీస్తానన్నాడు. కారు దొరికింది కానీ, అనంతగిరి మలుపుల్లో మంచుకి టూరిస్టుల బళ్ళు ఒకదాని వెనక ఒకటి నిలిచిపోయాయని కబురొచ్చింది. నూకరత్నం కొండదేవతకు కోడిని మొక్కింది. మధ్యాహ్నం జయశ్రీ మేడమెట్ల మలుపులో నిలబడి ఫోను చేసింది. అవతలివాళ్ళు చెప్పింది ఎక్కువసేపు పట్టలేదు. సార్ విమానం ఎక్కారు. ఎల్లుండి డొంకరాయిలో చేరాలి.

ఇద్దరూ వెనక గదిలోకి వచ్చారు. గోనె పట్టా మీద ఇనప బుట్ట పక్కకు తీసి ఉంది. ఇటలీలో చింతపిక్కలూ జీడిపిక్కలూ ఉన్నాయి కానీ, రోమ్ వైపు ఒక్క ఎర్రపిక్క లేదు. పొయ్యి మీద గిన్నె కుతకుతలాడుతోంది.

"అమ్మ పొద్దున్న నుంచీ తిన్లేదు గదాని" అన్నాడు సోంబరు గరిటె తిప్పుతూ, "ఆ రాజ్మా నానేసి ఉడకబెట్టినాను. ఉప్పు సరిపోనాదా సూడండి."

నూకరత్నం గిన్నెలోకి చూసింది. సైన్యం మొత్తం ఉడికిపోయింది. జయశ్రీ ముందు నవ్వింది, తర్వాత ఆపుకోలేక ఏడ్చింది, ఆ తర్వాత కంచం తెచ్చుకుంది. ఇద్దరూ రోమ్‌ని అన్నంలో కలుపుకుని తిన్నారు. పిక్క ఇంకా గట్టిగానే ఉంది.

"మీకు ఫేబియస్ కథ సగమే చెప్పాను మామ్మగారూ" అంది జయశ్రీ చెయ్యి కడుక్కుంటూ. "ఒకసారి ఆయన కొండ కనుమ దగ్గర హానిబాల్‌ని పూర్తిగా చిక్కించుకున్నాడు. రాత్రిపూట హానిబాల్ ఎద్దుల కొమ్ములకు దివిటీలు కట్టి కొండ మీదికి తోలించాడు. ఏం జరుగుతోందో వెళ్ళి చూసుకోకుండా ఫేబియస్ తన గుడారంలోనే ఉండిపోయాడు. ఆ సందులో హానిబాల్ జారిపోయాడు."

"ఎల్లి సూసుకోనేదా?"

"లేదు."

"ఓలమ్మ, ఎర్రి ముసలోడు" అంది నూకరత్నం. "మరి నాకీ ముక్క ముందే సెప్పొచ్చు కదే."

"చెబితే మీరు వేరే ఆయన్ని తీసుకునేవారు. మీ అంత తాపీగా ఆడేవాళ్ళు నాకు దొరకరు."

పిక్కల ఆట ఫోన్లో ఆడదామని జయశ్రీ అంది. నూకరత్నం సరేనంది కానీ, డొంకరాయి కొండల్లో టవరు ఎలా ఉంటుందో ఇద్దరికీ తెలుసు.

మూడో రోజు పొద్దున్న కూడా మంచే. పాడేరు మీదుగా సీలేరు వైపు పోయే బస్సు బస్టాండులో నిలబడి ఉంది. అది ఏనాడూ చెప్పిన వేళకు కదిలిన బస్సు కాదు. డ్రైవరు టీ తాగాలి, కండక్టరు వచ్చినవాళ్ళతో మాట్లాడాలి, కోళ్ళ బుట్టలు పైకెక్కాలి. నూకరత్నం ధైర్యమంతా దాని మీదే ఉంది. జయశ్రీ ఒళ్ళో కొత్త గోనె పట్టా, మూట కట్టిన రాజ్మా. ఏనుగులు మాత్రం నూకరత్నం దగ్గరే వదిలేసింది. వాటిని తీసుకోవడానికి రావాలి కదా అంది.

"వెళ్ళొస్తాను మామ్మగారూ."

కిటికీ కింద నిలబడ్డ నూకరత్నం గొంతు సవరించుకుంది. చుట్టూ వరహాలరావు, కామేష్, సోంబరు, కోళ్ళ బుట్టల వాళ్ళు ఉన్నారు. ఆమె ఒక్కసారి ఊపిరి పీల్చుకుని, బస్టాండంతా వినపడేలా అరిచింది.

"ఎక్కడికే గుంటా? ఎక్కడికెల్తన్నావు?"

జనం నిర్ఘాంతపోయారు. కోళ్ళావిడ చెవులు మూసుకుంది. "పిన్నీ, ఏటా మాట! ఎల్లిన పని అవుద్దా?" అని వరహాలరావు నెత్తి కొట్టుకున్నాడు. నూకరత్నం ఆగలేదు. కొంగు ముడి విప్పి మిరియాల పొడి పీల్చి, ఒక్కటంటే ఒక్క తుమ్ము తుమ్మింది. పక్కన సోంబరు తనకూ వస్తున్న తుమ్ముని, ముఖం ఎర్రబడేదాకా, రెండు చేతులతో ముక్కు నొక్కి ఆపుకున్నాడు.

శకునాలన్నీ సక్రమంగా చెడ్డాయి. డ్రైవరు టీ గ్లాసు సగంలో పెట్టి ఎక్కాడు. కండక్టరు రైట్ అన్నాడు. ఆ బస్సు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, చెప్పిన వేళకు బయల్దేరింది.